సేలం ఊరి దయ్యాల పండుగ: చూడాల్సినవి, తెలుసుకోవాల్సినవి

మన హాస్టల్లో చదివిన ఎవరినైనా అడగండి, ఒక్క దయ్యం కథైనా చెప్పకుండా వదలరు. మేము ఆరో తరగతిలో చేరిన మొదటి వారంలోనే సీనియర్ అన్నలు మా చెవిన ఒక మాట వేశారు. రాత్రి పది దాటాక బోరింగు దగ్గరికి వెళ్తే గజ్జెల చప్పుడు వినిపిస్తుందట! ఆ దెబ్బకు ఏడాది పాటు మాలో ఒక్కరు కూడా రాత్రిపూట ఒంటరిగా బయటికి వెళ్లలేదు. ఎంత అవసరం వచ్చినా పక్కవాణ్ణి లేపేవాళ్లం, వాడు ఇంకొకణ్ణి లేపేవాడు, చివరికి నలుగురం కలిసి వెళ్లేవాళ్లం. ఎనిమిదో తరగతికి వచ్చాక తెలిసింది, అది వెనుక గేటుకు కట్టిన గొలుసు గాలికి చేసే చప్పుడని. తెలిశాక మేమేం చేశాం? కొత్తగా చేరిన తమ్ముళ్లకు అదే కథ ఇంకొంచెం ఉప్పూ కారం కలిపి చెప్పాం.

భయపడటంలో ఒక సరదా ఉంది. ఆ సరదానే ఒక ఊరు ఏటా నెల రోజుల పండుగగా జరుపుకుంటోంది. ఆ ఊరి పేరు సేలం. మన పక్క రాష్ట్రం తమిళనాడులోని సేలం కాదు, అమెరికాలోని మాసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న సేలం. బోస్టన్ నగరానికి ఉత్తరాన దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. మన హాస్టల్ పూర్వ విద్యార్థి అన్న ఒకరు అక్కడ చదువుకుంటూ ఒక అక్టోబరులో సేలం చూసి వచ్చి మాకు ఫోటోలు పంపారు. ఆయన చెప్పిన సంగతులు, ఆ తర్వాత మేము లైబ్రరీలో చదివి తెలుసుకున్నవి కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం. రేపు మీలో ఎవరైనా పై చదువులకు అటు వెళ్తే పనికొస్తుంది. వెళ్లకపోయినా పనికొస్తుందని మా నమ్మకం. ఎందుకో చివర చెబుతాం.

హాలోవీన్ అంటే ఏమిటి?

క్రైస్తవ మిత్రులకు నవంబరు 2 బాగా తెలుసు. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మన దగ్గర దాన్ని సమాధుల పండుగ అంటాం. దానికి ముందు రోజు, అంటే నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. ఆ పండుగకు ముందు రాత్రి అక్టోబరు 31. ఆ రాత్రికే ఇంగ్లీషులో హాలోవీన్ అని పేరు.

ఈ పండుగ వేళ్లు ఐర్లాండు, స్కాట్లాండు దేశాల్లో ఉన్నాయి. అక్కడి పాతకాలపు కెల్టు జాతి ప్రజలు వేసవి ముగిసి చలికాలం మొదలయ్యే ఆ రాత్రిని ‘సౌయిన్’ అనేవారు. చనిపోయినవారు ఆ రాత్రి ఇళ్లకు వస్తారని నమ్మేవారు. మన పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకోవడం గుర్తు తెచ్చుకోండి. లోకంలో ఎక్కడివాళ్లైనా పోయినవాళ్లను ఏడాదికొకసారి తలుచుకోకుండా ఉండలేరు.

1840లలో ఐర్లాండులో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి ఘోరమైన కరువు వచ్చింది. లక్షల మంది ఓడలెక్కి అమెరికా చేరారు. వాళ్లతో పాటు ఈ పండుగ కూడా అక్కడ పాతుకుపోయింది. ఐర్లాండులో టర్నిప్ దుంపలను తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అమెరికాలో వాళ్లకు పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికాయి. దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. మనం దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ వేలాడదీస్తాం, వాళ్లు తియ్య గుమ్మడికాయకు కళ్లూ పళ్లూ చెక్కి గుమ్మం ముందు పెడతారు. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఈ మధ్య హైదరాబాదులో కూడా కొన్ని మాల్స్‌లో, పెద్ద స్కూళ్లలో ఈ వేషాలు కనిపిస్తున్నాయి.

అక్టోబరులో సేలం

సేలం జనాభా 2020 లెక్కల ప్రకారం 44 వేల చిల్లర. మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. అలాంటి ఊరికి ఇటీవలి సంవత్సరాల్లో ఒక్క అక్టోబరు నెలలోనే పది లక్షల మందికి పైగా వచ్చారు. 1982లో చిన్నగా మొదలైన ‘హాంటెడ్ హ్యాపెనింగ్స్’ అనే ఉత్సవం ఇప్పుడు నెలంతా సాగుతుంది. నెల మొదట్లో పెద్ద ఊరేగింపు ఉంటుంది. ఎసెక్స్ స్ట్రీట్ అనే బజారులో వాహనాలు నడవవు, అంతా కాలినడకే. ఆ వీధిలో మన జాతరలో పగటి వేషగాళ్లలా రకరకాల వేషాలవాళ్లు తిరుగుతుంటారు. అస్థిపంజరం వేషం వేసినాయన ఐస్‌క్రీం తింటున్న ఫోటో ఒకటి అన్న పంపారు, చూసి చాలాసేపు నవ్వుకున్నాం.

డబ్బులు పెట్టి భయపడే ఇళ్లు కూడా ఉన్నాయి. టికెట్ కొని చీకటి గదుల్లోకి వెళ్తే గోడల పక్క నుంచి వేషగాళ్లు మీదికి దూకుతారు. రాత్రిపూట లాంతరు పట్టుకుని పాత వీధుల్లో తిప్పుతూ కథలు చెప్పే గైడ్లు ఉంటారు. ఆ ఊరి పోలీసు కార్ల మీద చీపురుకట్ట ఎక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. హైస్కూలు ఆటల జట్టు పేరే ‘మంత్రగత్తెలు’.

ఇంత సరదా ఉన్న ఊరికి మంత్రగత్తె బొమ్మ ఎందుకు గుర్తయింది? అసలు సంగతి ఇక్కడే ఉంది.

1692లో ఏం జరిగింది?

అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లండు వలస. సేలం పక్కనే సేలం విలేజ్ అనే పల్లె ఉండేది, ఇప్పుడు దాని పేరు డాన్వర్స్. ఆ పల్లె పాస్టరు ఇంట్లో 1692 తొలి నెలల్లో ఇద్దరు ఆడపిల్లలు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. ఒకరు తొమ్మిదేళ్ల బెట్టీ, ఇంకొకరు పదకొండేళ్ల అబిగేల్. అరుపులు, మెలికలు తిరగడం, ఎవరో గిల్లుతున్నారని ఏడవడం. వైద్యుడు చూసి ఇది చేతబడి అన్నాడు. ఎవరు చేశారు, పేర్లు చెప్పమని పెద్దలు పిల్లల్ని నిలదీశారు.

మొదట బయటికి వచ్చిన మూడు పేర్లు చూడండి. టిట్యూబా, పాస్టరు ఇంట్లో బానిస. సారా గుడ్, బిచ్చమెత్తుకుని బతికే పేదరాలు. సారా ఆస్బర్న్, మంచం పట్టిన మనిషి, ఆస్తి తగాదా ఉన్నది. ఊళ్లో ఎవరి తరఫునా ఎవరూ మాట్లాడరో, వాళ్ల పేర్లే ముందు వచ్చాయి.

ఆ తర్వాత అది అడవికి అంటుకున్న నిప్పులా వ్యాపించింది. 150 మందికి పైగా ఆడామగా నిందితులయ్యారు. సారా గుడ్ కూతురు డొరొతికి నాలుగేళ్లో ఐదేళ్లో. ఆ పసిదానికి కూడా సంకెళ్లు వేసి నెలల తరబడి జైల్లో పెట్టారు. 14 మంది స్త్రీలను, ఐదుగురు పురుషులను ఉరి తీశారు. గైల్స్ కోరీ అనే ముసలి రైతు కోర్టులో నోరు విప్పనన్నాడు. ఆయన మీద బరువైన రాళ్లు పేర్చి చంపారు. మొత్తం 20 మంది. జైల్లో పోయినవాళ్లు కనీసం మరో ఐదుగురు. చాలామంది అనుకునేట్టు వాళ్లను తగలబెట్టలేదు, ఉరి తీశారు.

సాక్ష్యం ఏమిటి? ‘ఆమె ఆకారం రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి గొంతు నొక్కింది’ అని ఒకరు చెబితే చాలు, కోర్టు నమ్మింది. ఆ సమయంలో ఆమె తన ఇంట్లో నిద్రపోతున్నా సరే, వచ్చింది ఆమె ఆకారమే కదా అన్నారు! ఇలాంటి సాక్ష్యాన్ని ఎవరు కాదనగలరు? నేరం ఒప్పుకున్నవాళ్లను ఉరి తీయలేదు, ఒప్పుకోనివాళ్లను తీశారు. అంటే అబద్ధం చెప్పినవాళ్లు బతికారు, నిజం చెప్పినవాళ్లు చచ్చారు.

పిల్లలు ఎందుకలా చేశారన్న దానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఊరి పరిస్థితి మాత్రం తెలుసు. సరిహద్దుల్లో యుద్ధం, పారిపోయి వచ్చిన జనం, భూముల తగాదాలు, పాస్టరు జీతం మీద రెండు వర్గాలు. ఊరు అప్పటికే ఎండుగడ్డిలా ఉంది. అగ్గిపుల్ల ఎవరు గీసినా అంటుకునేదే.

చూడాల్సిన చోట్లు

అక్టోబరులో సేలం వెళ్తే కారు కన్నా రైలు మేలు. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి అరగంట ప్రయాణం. శని, ఆదివారాల్లో కాలు పెట్టే సందుండదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్లాలి, టికెట్లు ముందే తీసుకోవాలి. వరుసగా ఈ చోట్లు చూడండి.

విచ్ హౌస్: విచారణ జరిపిన జడ్జి జొనాథన్ కోర్విన్ ఇల్లు. ఆ కాలపు విచారణలతో నేరుగా సంబంధం ఉన్న కట్టడాల్లో సేలంలో మిగిలింది ఇదొక్కటే. పేరు మంత్రగత్తె ఇల్లు, ఉన్నది మాత్రం జడ్జి!

పాత శ్మశానం: చార్టర్ స్ట్రీట్‌లో ఉంది, 1637 నాటిది. జాన్ హాథోర్న్ అనే మరో జడ్జి సమాధి ఇక్కడ ఉంది. ఆయన తన తప్పును ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన వంశంలోనే తర్వాత ప్రసిద్ధ నవలాకారుడు నథానియెల్ హాథోర్న్ పుట్టాడు. పూర్వీకుడి మీద సిగ్గుతో ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం చేర్చుకున్నాడంటారు. ఉరి తీయబడ్డవాళ్లకు మాత్రం ఈ శ్మశానంలో చోటు దొరకలేదు.

స్మారక చిహ్నం: శ్మశానం పక్కనే ఉంది. 300 ఏళ్లు నిండిన సందర్భంగా 1992లో కట్టారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన ఎలీ వీజెల్ దాన్ని ప్రారంభించారు. తక్కువ ఎత్తు రాతి గోడ, దాని నుంచి పొడుచుకు వచ్చిన 20 రాతి పలకలు. ఒక్కో పలక మీద ఒక పేరు, ఎలా చంపారో, ఏ తేదీన చంపారో. అంతే. లోపలికి అడుగుపెట్టే చోట నేల మీది రాళ్లపై నిందితులు కోర్టులో మొరపెట్టుకున్న మాటలు చెక్కి ఉంటాయి. ఆ వాక్యాలు మధ్యలోనే గోడ కిందికి వెళ్లి ఆగిపోతాయి. వాళ్లు చెప్పింది ఎవరూ పూర్తిగా వినలేదని దాని అర్థం. బజారు గోల పక్కనే వినిపిస్తుంటుందట. వేషాలు వేసుకున్నవాళ్లు కూడా ఇక్కడికి రాగానే మాస్కు తీసి చేత్తో పట్టుకోవడం చూశానని అన్న చెప్పారు.

ప్రాక్టర్స్ లెడ్జ్: ఉరి తీసిన అసలు చోటు. చాలాకాలం జనం పక్కనున్న కొండ శిఖరం అనుకున్నారు. 2016లో పరిశోధకులు పాత పత్రాలు పరిశీలించి ఈ రాతి దిబ్బే అని తేల్చారు. ఇప్పుడది ఇళ్ల మధ్య, ఒక మందుల షాపు వెనుక ఉంది. 2017 జూలై 19న ఇక్కడ చిన్న స్మారకం వెలిసింది. సరిగ్గా 325 ఏళ్ల క్రితం అదే తేదీన ఒకే రోజు ఐదుగురిని ఉరి తీశారు.

పీబడీ ఎసెక్స్ మ్యూజియం: 1799లో సేలం నావికులు స్థాపించిన సంఘం నుంచి పుట్టింది. ఆ రోజుల్లో సేలం ఓడలు మద్రాసు, కలకత్తా రేవులకు వచ్చేవి. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. భారతీయ కళాఖండాలు ఇక్కడ చాలా ఉన్నాయి.

డాన్వర్స్‌లో రెబెకా నర్స్ ఇల్లు: సేలం నుంచి కొద్ది దూరం. జూలై 19న ఉరి తీసినవారిలో రెబెకా నర్స్ ఒకరు, అప్పటికి ఆమెకు 71 ఏళ్లు. ఎనిమిది మంది పిల్లల తల్లి, భక్తిపరురాలు. ఆమె నిర్దోషి అని 39 మంది ఇరుగుపొరుగువారు కాగితం మీద సంతకాలు చేసి కోర్టుకిచ్చారు. అలా సంతకం చేస్తే రేపు తమ పేరే రావచ్చని వాళ్లకు తెలుసు. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అనే తేల్చింది. జనం గొడవ చేస్తే, జడ్జీలు మళ్లీ ఆలోచించమంటే, తీర్పు మార్చుకుంది. ఆమెను కాపాడలేకపోయినా ఆ 39 సంతకాలు చరిత్రలో నిలిచాయి.

స్కూలు పిల్లలు కడిగేసిన మచ్చ

1692 అక్టోబరులో గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు. 1697లో శామ్యూల్ సెవాల్ అనే జడ్జి బోస్టన్ చర్చిలో అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. 1706లో, పేర్లు చెప్పిన ఆడపిల్లల్లో ఒకరైన ఆన్ పుట్నమ్ తమ చర్చిలో క్షమాపణ అడిగింది. 1711లో ప్రభుత్వం చాలామందిపై శిక్షలు కొట్టివేసి, కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. మిగిలిన పేర్లను 1957లో, 2001లో కడిగారు.

అయినా ఒక పేరు మిగిలిపోయింది. ఆండోవర్ ఊరి ఎలిజబెత్ జాన్సన్. నింద పడేనాటికి ఆమె వయసు 22 ఏళ్లు. 1693లో మరణశిక్ష పడింది, గవర్నరు దయతో ప్రాణం దక్కింది. నా పేరు కూడా చేర్చండని ఆమె స్వయంగా అర్జీ పెట్టుకున్నా ఫలితం లేదు. పెళ్లి లేదు, పిల్లల్లేరు. మిగతావాళ్ల తరఫున మునిమనవలు పోరాడారు, ఈమె తరఫున అడిగేవాళ్లు లేరు.

అడిగింది ఎవరో తెలుసా? నార్త్ ఆండోవర్ ఊళ్లోని ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు. పౌరశాస్త్రం టీచరు ఈ సంగతి చెప్పి, మనమేం చేయగలమో చూద్దామన్నారు. పిల్లలు పత్రాలు వెతికారు, శాసనసభ్యులకు ఉత్తరాలు రాశారు, బిల్లు ముసాయిదాకు సాయం చేశారు. 2022లో మాసాచుసెట్స్ రాష్ట్రం ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. శిక్ష పడిన 329 ఏళ్లకు! మన దగ్గరైతే ఎనిమిదో తరగతి అంటే సాయంత్రం స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడే వయసు.

మన సంగతి

ఇప్పుడు మొదట్లో చెబుతామన్నది చెబుతాం.

బాణామతి, చేతబడి అనే మాటలు తెలియనివాళ్లు మనలో ఎవరున్నారు? మంత్రం పలకకుండా చేయాలని పళ్లు ఊడగొట్టిన వార్తలు, చెట్టుకు కట్టి కొట్టిన వార్తలు, సజీవంగా తగలబెట్టిన వార్తలు మన తెలుగు పత్రికల్లోనే చదివాం. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, మహారాష్ట్ర 2013లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో హత్యల కారణాల కింద మంత్రవిద్య అనే వరుస ఒకటి ఉంటుంది. సేలం కథ మనకు దూరమేమీ కాదు.

మా వాడ చివర ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఒక ఎండాకాలం వాడలో పసిపిల్లలకు వరుసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అవ్వ చూపు పడిందన్నారు. ఆమెను ఎవరూ కొట్టలేదు. కానీ పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె బిందె నిండాక మన బిందె కడిగి పెట్టాలన్నారు. మేము పిల్లలం ఆమె ఇంటి ముందు నుంచి ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాళ్లం. ఒకసారి సంక్రాంతికి మమ్మల్ని పిలిచి సకినాలు పెట్టింది. వద్దంటే ఏం చేస్తుందోనని తీసుకుని, మలుపు తిరిగాక మురిక్కాలవలో పారేశాం. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. చూసిందో లేదో ఇప్పటికీ తెలియదు. మేము ఇంటర్ చదివేటప్పుడు ఆమె పోయిందని తెలిసింది. ఆ పిల్లల జబ్బు నీళ్ల వల్ల వచ్చిందని అప్పటికి మాకు తెలుసు. కానీ ఆ మాట అవ్వతో చెప్పే అవకాశం పోయింది. ఆన్ పుట్నమ్ క్షమాపణ గురించి చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది ఆ సకినాలే.

కిందటి దసరా సెలవుల్లో మళ్లీ ఇలాంటిదే జరిగింది. ఒకరింట్లో గేదెలు చనిపోయాయి, ఇంకొకరి పేరు వినపడింది. రచ్చకట్ట మీద పెద్దవాళ్లు మమ్మల్ని అడిగారు: “మీరు చదువుకున్నోళ్లు, మీరేమంటరు?” మా ఇళ్లలో డిగ్రీ గడప దాటిన మొదటివాళ్లం మేమే. మొదట నీళ్లు నమిలాం. పెద్దలకు ఎదురు చెప్పడం అంత తేలికేమీ కాదు. తర్వాత చెప్పాం: పశువుల డాక్టరును పిలుద్దాం, ఆయన చూసేదాకా ఎవరి పేరూ అనొద్దని. కొందరు విన్నారు, కొందరు నాలుగు పుస్తకాలు చదివితే సరా అన్నారు. డాక్టరు వచ్చి మిగిలిన పశువులకు టీకాలు వేశారు. ఆ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేము చేసింది గొప్ప పనేమీ కాదు. అడిగినప్పుడు నోరు తెరిచాం, అంతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! దయ్యం కథలు చెప్పుకోండి, మేమూ చెప్పుకున్నాం. గేటు గొలుసుకు గజ్జెలు కడితే ఎవరికీ నష్టం లేదు. ఆ దయ్యానికి ఒక మనిషి పేరు పెట్టిన రోజే ప్రమాదం మొదలవుతుంది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఎవరి మీదైనా అలాంటి పేరు పడితే, ముందు జబ్బుకు డాక్టరును చూడమనండి. గుంపు కూడి మీద పడేట్టుంటే 112కు ఫోన్ చేయండి. మీ ఇంట్లో మొదట చదువుకున్నది మీరే అయితే, మీ మాట కోసం ఇల్లూ వాడా ఎదురుచూస్తాయి. ఆ 39 మందిలా సంతకం పెట్టాల్సిన రోజు మీకూ రావచ్చు.